గాలి మనది, కావలి మనది, విద్య యెవరిది?

అనంతపురమునకును బళ్ళారికిని నడుమ, పడగ విప్పిన పామును బోలు కొండ నీడన వెలసిన ఊరు ఉరవకొండ. ఈ సీమకు ప్రకృతి యిచ్చినది కరవు; ప్రభుత్వము లిచ్చినవి వాగ్దానములు. అనంతపురపు సగటు వర్షపాతము 552 మిల్లీమీటర్లు. నైరుతి మేఘము పడమటి కనుమలమీదనే తన నీటిని కుమ్మరించి, ఇచ్చటికి వచ్చుసరికి ఉత్తగాలియై మిగులును. ఈశాన్య మేఘము కోస్తా దాటి వచ్చుసరికి అలసిపోవును. వాన తేని ఆ గాలిని, పైరు మాడ్చు ఆ ఎండను వేరుసెనగ రైతు తరతరములుగా తిట్టుకొనుచు వచ్చెను. నేడా గాలియే, ఆ ఎండయే కోట్లకు అమ్ముడుపోవుచున్నవి. శాపము లనుకొన్నవి సిరులైనవి. సంతోషింపవలసినదే. కాని యీ సిరిలో మన పేదబిడ్డల పాలెంత యని అడుగకుండ సంతోషించుట మాత్రము వివేకము గాదు.

లెక్క చూతము. ఉరవకొండ ప్రాంతమున నింబగల్లు వద్ద 100 మెగావాట్ల గాలిమరల కేంద్రము నిలిచినది. వజ్రకరూరు, బెళుగుప్ప మెట్టలమీద తెల్లని రెక్కలు రేయింబవళ్ళు తిరుగుచున్నవి. ఆ విద్యుత్తును దూరదేశములకు మోయుటకై 400 కిలోవోల్టుల ఉపకేంద్రము వెలసినది. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన నంబులపూలకుంటలో 2016 నాటికే 250 మెగావాట్ల సౌరకేంద్రము పనిచేయ నారంభించెను. 2025 మే 16వ తేదీన గుత్తి మండలము బేతపల్లిలో 22,000 కోట్ల రూపాయల మహాకార్యమునకు శంకుస్థాపన జరిగినది. రాష్ట్రప్రభుత్వము 2024 అక్టోబరులో ప్రకటించిన సమగ్ర స్వచ్ఛశక్తి విధానము పది లక్షల కోట్ల పెట్టుబడిని, ఏడున్నర లక్షల ఉద్యోగములను ఆశించుచున్నది.

ఏడున్నర లక్షలు! ఈ అంకెను చదివి పొంగిపోవుటకు ముందు, ఇప్పటికి నిలిచిన మరల చెంతకు పోయి యెవరే పని చేయుచున్నారో చూడవలెను. మర పైకెక్కి యంత్రమును విప్పి బిగించువాడు ఎక్కువగా పరప్రాంతమువాడు. గదిలో కూర్చుండి తెరమీది గుర్తులు చదువువాడు పట్టణపు చదువరి. ఊరి యువకుని కేమి దక్కినది? గేటు వద్ద కావలి. ఫలకముల నడుమ గడ్డి కోయుట. వానిపై దుమ్ము కడుగుట. పునాదులు త్రవ్వునాడు కూలి; పునాది పూడిన మరునాడు సెలవు. కావలికాయుట హీనమని మేమనము. ఏ కష్టమును హీనము గాదు. కాని పుట్టిన నేలమీద పుట్టిన గాలితో నడచు యంత్రమునకు, పుట్టిన బిడ్డ బయటనే నిలువవలెననుట ఏ ధర్మము?

నేల మాట యొకటి కలదు. మర నిలిచిన నేలకు, ఫలకములు పరచిన నేలకు కౌలు వచ్చుచున్నది. అది పట్టాదారునకు చేరును. ఆ నేలలో కలుపుతీసి, కాయ వలిచి బ్రతికిన కూలివానికి పట్టా లేదు. కనుక కౌలును లేదు. సేద్యము పోవుటతో వాని పని పోయినది. కాగితములో వాని పేరు లేనందున పరిహారమును పోయినది. వానికి రాదగిన పరిహార మొక్కటే: వాని బిడ్డకు క్రొత్త పని నేర్పుట. ఇది దానము కాదు, ఋణము. ఋణముగనే మేము దీనిని అడుగుచున్నాము.

‘శిక్షణ లేకేమి? ప్రభుత్వము పథకములు పెట్టినది గదా’ యని అధికారులు చెప్పుదురు. నిజమే. 2015లో హరిత ఉద్యోగముల నైపుణ్య మండలి యేర్పడినది. ఆ సంవత్సరమే జాతీయ సౌరశక్తి సంస్థ ఆధ్వర్యమున ‘సూర్యమిత్ర’ శిక్షణ ఆరంభమైనది. 600 గంటల విద్య, భోజనవసతులతో కూడ ఉచితము. గాలిమరలకు ‘వాయుమిత్ర’ యను మరియొక శిక్షణ కలదు. ఈ పేర్లు ముద్దుగా నున్నవి, ఉద్దేశము మంచిది. వకీలు వృత్తిలో నున్నవారమగుటచే నిబంధనలు చదువుట మా కలవాటు. సూర్యమిత్ర నిబంధనలలో ఒకచోట గ్రామీణులకు, నిరుద్యోగులకు, స్త్రీలకు, షెడ్యూల్డు కులములకు, తెగలకు ప్రత్యేక ప్రాధాన్య మీయవలెనని యున్నది. మరియొకచోట, అభ్యర్థి పదవతరగతి నెగ్గి, ఎలక్ట్రీషియను, వైరుమాను, ఫిట్టరు వంటి విద్యలలో ఐ.టి.ఐ. కూడ ముగించి యుండవలెనని యున్నది. మొదటి వాక్యము తలుపు తెరచినది. రెండవ వాక్యము గడియ పెట్టినది. 

ఐ.టి.ఐ. ముగించినవాడు ఎట్లో బ్రతుకగలడు. మా మాట వానిని గూర్చి కాదు. వేరుసెనగ ఎండిన యేట తల్లిదండ్రులతో బెంగుళూరికో, బళ్ళారికో వలసపోయి, బడి వదలిన బాలుని గూర్చి. తిరిగివచ్చి తొమ్మిదిలో చేరి, పదిలో తప్పిన యువకుని గూర్చి. చెల్లెండ్రను చూచుకొనుటకై ఎనిమిదితో నిలిచిపోయిన బాలికను గూర్చి. వీరు మందమతులై తప్పినవారు కారు, కరవుచే తప్పినవారు. కరవు వచ్చిన ప్రతియేడును బడిలో కొన్ని పేర్లు కొట్టివేయబడును. ఆ కొట్టివేయబడిన పేర్లవారికే యీ శిక్షణ ముందుగా చెందవలెను. వారికి తప్ప తక్కిన యందరికిని తెరచియుండు తలుపును పేదలకొరకు పెట్టిన తలుపనుట మాటలతో ఆడుకొనుటయే.

‘చదువురానివారిని విద్యుత్తు వద్దకు పంపుట ప్రమాదము’ అని యొక ఆక్షేపణ. ఈ ఆక్షేపణ చేయువారు రాజస్థానమున అజమేరు జిల్లాలోని తిలోనియా గ్రామమును చూడవలెను. అచ్చట 1972లో బంకర్ రాయ్ గారు స్థాపించిన బేర్‌ఫుట్ కళాశాలలో, అక్షరము రాని స్త్రీలు, అమ్మమ్మలు సైతము, సౌరదీపములను కూర్చుటయు, బాగుచేయుటయు నేర్చుకొనిరి. ఆఫ్రికా ఖండమునుండి భాష తెలియని స్త్రీలు వచ్చి, తీగల రంగులను, ముక్కల ఆకారములను గుర్తుపట్టి, ఆరు నెలలలో విద్య నేర్చి పోయి తమ గ్రామములలో వెలుగు నింపిరి. అంతదూర మేల? బోరు మోటారు కాలిపోయిన నాడు రైతు ఎవరివద్దకు పరుగెత్తును? ఇంజనీరు వద్దకా? సంతవీధిలో తీగ చుట్టు కుర్రవాని వద్దకు. వాని పట్టా అడిగినవారు లేరు. వాని చేతిని నమ్మినవారే యందరును. ఉరవకొండ మగ్గముమీద వేల పోగుల లెక్క తప్పకుండ అంచు నేయు చేతికి నాలుగు తీగల లెక్క రాదనుట నమ్మదగిన మాటయేనా? ప్రమాద మున్నది, మేము కాదనము. ఎత్తున పని చేయుటకు నడికట్టు, విద్యుత్తు కట్టుటకు క్రమము, గాయమునకు ప్రథమచికిత్స మొదటి పాఠములుగ నేర్పవలెను. ప్రమాదమునకు మందు శిక్షణయే కాని నిషేధము గాదు. నేర్పకుండ ఫలకములు కడుగ పంపుటయే నిజమైన ప్రమాదము.

చేతిపనిని చదువునుండి వేరుచేసి, చదువును పెద్దలకును పనిని పేదలకును పంచియిచ్చుట మనకు పట్టిన పాత రోగము. దానికి చికిత్స చేయదలచినవారు మనలో లేకపోలేదు. 1910లో మచిలీపట్నమున కోపల్లె హనుమంతరావుగారును, ముట్నూరి కృష్ణారావుగారును, పట్టాభి సీతారామయ్యగారును ఆంధ్రజాతీయ కళాశాలను నెలకొల్పినపుడు పుస్తకవిద్యతో చేతిపనిని జోడించిరి. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీమహాత్ముడు విద్యాసభను కూర్చి, పని ద్వారా చదువు, చదువు ద్వారా పని అను సూత్రమును దేశము ముందుంచెను. ఆనాడు రాట్నము, నేడు గాలిమర. పనిముట్టు మారినది, సూత్రము మారలేదు.

ఈ జిల్లాకు పని యిచ్చుట క్రొత్త గాదు. పనితనము నిచ్చుటయే క్రొత్త. 1876-78 నాటి మహాక్షామములో ఆకలిగొన్నవారిచేత రాళ్ళు కొట్టించి, మట్టి మోయించి, కూలి యిచ్చిరి. స్వతంత్రభారతమున 2006 ఫిబ్రవరి 2వ తేదీన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము ఈ అనంతపురము జిల్లా బండ్లపల్లిలోనే ఆరంభింపబడెను. పని హక్కని చెప్పిన ఆ చట్టము వలన ఎన్నో పొయ్యిలు వెలిగినవి. దానిని తక్కువచేయుట మా తలంపు గాదు. కాని క్షామమునాడును పారయే, హక్కునాడును పారయే. చేతికి పార నిచ్చిన దేశము అదే చేతికి పానా నీయలేదా?

ఇక నిజాయితీగా చెప్పవలసిన మాట యొకటి కలదు. గాలిమరలు, సౌరక్షేత్రములు లెక్కలేనన్ని ఉద్యోగములు ఇచ్చునని ఎవరైన చెప్పినచో నమ్మరాదు. 2017లో కౌన్సిల్ ఆన్ ఎనర్జీ, ఎన్విరాన్‌మెంట్ అండ్ వాటర్ సంస్థ మరియొక సంస్థతో కలిసి వేసిన అంచనా ప్రకారము, ఒక మెగావాటు గాలిమర స్థాపనకు 1.27 ఉద్యోగ సంవత్సరముల పని. నేలమీది సౌరక్షేత్రమునకు 3.45, ఇంటికప్పులపై సౌరఫలకములకు 24.72. అనగా నూరు మెగావాట్ల గాలిమరలు 127 మందికి ఒక్క యేడు పని యిచ్చునట్టివి. అంత విద్యుత్తే ఇంటికప్పులనుండి తీసినచో 2,472 మందికి పని. ఈ లెక్కను మా వాదమునకు విరుద్ధముగ చూపువారు కలరు: ‘ఉద్యోగములే లేనపుడు శిక్షణ యేల?’ యని. లెక్కను సరిగా చదువుడని వారికి మా మనవి. అది శిక్షణ వలదనుట లేదు. శిక్షణ దేనికో చెప్పుచున్నది.

2024 ఫిబ్రవరి 13వ తేదీన ఆరంభమైన ‘ప్రధానమంత్రి సూర్యఘర్’ పథకము కోటి యిండ్ల కప్పులపై ఫలకములు పెట్టదలచినది. మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సహాయము నిర్ణయించినది. మూడు కిలోవాట్ల లెక్కన 333 ఇండ్లు ఒక మెగావాటు. అనగా ఒక్క ఊరిలోని కొన్ని వీధులలో పాతికమందికి ఏడాది పని యున్నది. 2019 నాటి ‘కుసుమ్’ పథకము సేద్యపు పంపులను ఎండతో నడుపవలెననినది. ఇవన్నియు బిగించువా రెవరు? బిగించిన మూడవయేట ఇన్వర్టరు చెడినపుడు బాగుచేయువా రెవరు? పట్టణమునుండి మనిషి వచ్చువరకు పంపు నిలిచిపోయినచో పైరు నిలుచునా? ప్రతి పెద్దగ్రామమునకు ఇద్దరు సౌరమేస్త్రీలు ఉండవలసిన కాలము వచ్చినది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి వలె వారును గ్రామమునకు అవసరమైన వృత్తివారు. వారిని బెంగుళూరునుండి దిగుమతి చేసికొందమా, ఉరవకొండలో తయారుచేసికొందమా?

హరితమైన పని విద్యుత్తుతో ముగియదు. బిందుసేద్యపు గొట్టములు పూడిపోయినపుడు శుద్ధిచేయుట, చెరువుకట్టను, తూమును శాస్త్రీయముగ మరమ్మతు చేయుట, భూగర్భజలమును కొలుచుట, వాన నీటిని వాలు చూచి నిలుపుట, ఇవియు విద్యలే. హంద్రీ-నీవా నీరు జీడిపల్లి జలాశయమునకు చేరినంతమాత్రాన కరవు తీరదు. ఆ నీటిని బొట్టు బొట్టుగ వాడనేర్చినవారు కావలెను. కరవుసీమకు నీటిని కాచు విద్య కన్న హరితమైన విద్య వేరొకటి యుండునా?

చట్టమేమి చెప్పుచున్నది? 1961 నాటి అప్రెంటిసుల చట్టము, దాని తరువాతి సవరణలు, నిబంధనలు కలిసి, ముప్పదిమంది గాని అంతకు మించి గాని పనివారున్న ప్రతి సంస్థయు, వారి సంఖ్యలో నూటికి రెండున్నర మొదలు పదునైదు వరకు అప్రెంటిసులను తీసికొనవలెనని విధించినవి. కాంట్రాక్టు పనివారును ఆ లెక్కలో చేరుదురు. ‘మా వద్ద ఉన్నవారు పదిమందియే, తక్కినవారు కాంట్రాక్టరు మనుష్యులు’ అను మాట చట్టము ముందు చెల్లదు. 2013 నాటి కంపెనీల చట్టము 135వ విభాగము పెద్దకంపెనీలు తమ సగటు లాభములో నూటికి రెండు పాళ్ళు సామాజికకార్యములకు వెచ్చింపవలెనని, తాము పనిచేయు ప్రాంతమునకు ప్రాధాన్య మీయవలెనని చెప్పినది. వృత్తినైపుణ్యముల శిక్షణ ఆ కార్యముల పట్టికలోనే యున్నది. బస్సు షెల్టరుమీద పేరు వ్రాయించుకొనుట సులభము; నలువది మంది పిల్లలకు రెండేండ్లు విద్య చెప్పించుట కష్టము. చట్టము సులభమైన దానినే చేయుమనలేదు.

2019లో మన శాసనసభ, పరిశ్రమలలో నాలుగింట మూడువంతుల ఉద్యోగములు స్థానికులకే యని చట్టము చేసెను. దాని రాజ్యాంగబద్ధత న్యాయస్థానమున ప్రశ్నింపబడినది. అట్టిదే యైన హర్యానా చట్టమును పంజాబు-హర్యానా హైకోర్టు 2023 నవంబరులో కొట్టివేసినది. పుట్టినచోటునుబట్టి ఉద్యోగము పంచుట ఒక దేశమని నమ్మువారికి ఇబ్బందియైన సూత్రమే. అయితే మన చట్టములో జనులు మరచిన వాక్య మొకటి కలదు: తగిన అర్హతగల స్థానికులు దొరకనిచో, ప్రభుత్వ సహకారముతో వారికి మూడేండ్లలో శిక్షణ నిచ్చి తీసికొనవలెనని. వాటా నిలిచినను నిలువకున్నను, ఆ వాక్యములోని నీతి నిలుచును. మేమడుగునది పుట్టుకకు కోటా గాదు, నేర్పునకు అవకాశము. నేర్చినవాడు తన బలముమీద ఉరవకొండలో నిలుచును, గుజరాతులోను నిలుచును.

కావున మా కోరికలు స్పష్టముగ చెప్పుచున్నాము.

శిక్షణ ఉరవకొండలోనే జరుగవలెను. రోజుకూలివానికి యాబది కిలోమీటర్ల దూరముగల బడి, లేని బడితో సమానము. ఐ.టి.ఐ.లలో వైరుమాను విద్యకు ఎనిమిదవతరగతి చాలునని ప్రభుత్వపు నిబంధనయే చెప్పుచుండగా, సౌరవిద్యకు అంతకు మించిన గడప యేల? ఎనిమిది దాటినవారికి నేరుగాను, దాటనివారికి ఆరునెలల వారధి చదువుతోను ప్రవేశ మీయవలెను. పాఠము తెలుగులో నుండవలెను.

శిక్షణకాలమున రోజుకూలికి తగ్గని భృతి యీయవలెను. ఉచితవిద్య యనుట చాలదు. పేదవానికి చదువు ఖర్చుకన్న పోగొట్టుకొను కూలియే బరువు. ఆ భృతి లేక మొదటి నెలలోనే మానుకొన్నవానిని ‘ఆసక్తి లేనివాడు’ అని వ్రాసికొనుట అన్యాయము.

ఆడపిల్లలకు సగము స్థలములు కేటాయింపవలెను, వసతిగృహము ఉండవలెను. మరను ఎక్కగల ధైర్యము మగవాని సొత్తు కాదు. సిమెంటు తట్టలతో నిచ్చెన లెక్కుచున్న మన స్త్రీలను చూచినవా రెవరును ఆ మాట అనజాలరు.

మూడునెలల పట్టాతో ముగింపక, నిలిచియున్న కేంద్రములలోనే ఏడాది అప్రెంటిసుగా పని చేయించవలెను. ఎందరిని చేర్చుకొంటిరో గాక, ఏడాది తరువాత ఎందరు ఆ పనిలో నిలిచి, ఎంత జీతము పొందుచున్నారో ఊరిపేర్లతో లెక్క ప్రకటింపవలెను. పట్టాల సంఖ్యను విద్యగా చూపు లెక్క, నీరులేని బావులను నీటివనరులుగా చూపు లెక్కవంటిది.

ఇవి తీరని కోరికలు కావు. 2024లో రాష్ట్ర ఆర్థికమంత్రిత్వమును స్వీకరించిన పయ్యావుల కేశవ్ గారు ఈ ఉరవకొండ ప్రతినిధియే. తమ ఊరి గాలి యేమి చేయునో వారికి వేరొకరు చెప్పనక్కరలేదు. 22,000 కోట్లకు శంకుస్థాపన జరిగిన జిల్లాలో పేదపిల్లల విద్యాశాల కొకటి జరుగుటకు ధనము లేదనుట ఎవరును నమ్మరు.

మనవారితోను ఒక మాట. కొడుకు గుమాస్తా యైన గర్వించి, మేస్త్రీ యైన తలవంచుకొను తండ్రులు మనలో నింకను కలరు. పోటీపరీక్ష యొక్కటే మోక్షమని నమ్మి, ఒకే ఉద్యోగమునకు ఏడేండ్లు ఎదురుచూచి, ఇరువదియేడేండ్లకు చేతిలో ఏ పనియు లేక నిలుచు యువకులును కలరు. యంత్రపు నూనె అంటిన చేయి అపవిత్రము కాదు. ఇతరుల చేతుల నాశ్రయించిన బ్రతుకే పరాధీనము. స్వరాజ్యమను మాటకు మొదటి యర్థము తన పని తాను చేసికొనగలుగుట. తన ఊరి యంత్రమును తాను విప్పి బిగింపగలుగుట.

ఆలస్యపు ఫలము రాయలసీమకు తెలిసినంతగా మరెవ్వరికి తెలియును? 1937 నవంబరు 16వ తేదీన చెన్నపట్నమున కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగులో కుదిరిన ఒడంబడిక, అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రముండవలెనని ఒప్పుకొన్నది. అనంతపురమున శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము వెలసినది 1981లో. నలువదినాలుగేండ్లు! ఒడంబడికనాడు పుట్టిన బిడ్డ విశ్వవిద్యాలయము తెరచునాటికి నడివయసువాడు.

గాలిమరల విద్యుత్తునకు చేసికొను ఒప్పందములు ఇరువదియైదేండ్లవి. నేడు పదునెనిమిదేండ్ల యువకుడు ఆ ఒప్పందము ముగియునాటికి నలువదిమూడేండ్లవాడగును. వాని పనిచేయు వయసంతయు ఆ మర తిరుగు కాలములోనే గడచిపోవును. ఆ కాలమంతయు వాడు గేటు బయట నిలుచునా, లోపల పని చేయునా యనునది పాతికేండ్ల తరువాత తేలునది కాదు. ఈ యేడు బడి తెరచుదుమా, తెరవమా యను దానిమీద తేలును. ఊరి పంచాయతీలు తీర్మానములు చేయవలెను. యువజనులు పేర్లు వ్రాయించి పట్టికలు చేయవలెను. ప్రతి కంపెనీని దాని అప్రెంటిసుల లెక్క అడుగవలెను. ఈయనిచో సమాచారహక్కు చట్టమువలన అధికారులనుండి రాబట్టవలెను. అర్జీలు వ్రాయువారు లేరని ఆగవలదు. మావంటి వకీళ్ళు ఆ పని ఉచితముగ చేయుటకు సిద్ధముగ నున్నారు. గాలి ఎవరి అనుమతియు అడుగక వీచును. విద్య మాత్రము అడుగనిదే రాదు.